కాలిబాట లేని కొండ వెన్ను మీద ఒక వేసవి రోజు: గైడుతో నడిచే సేవపై సమీక్ష

వేసవిలో ఒక్క రోజులో ముగిసే కొండ నడకలను గైడుతో సహా ఏర్పాటు చేసే సేవల్లో ఎక్కువ భాగం మొదటి నుంచి చివరి దాకా గుర్తులు పెట్టిన కాలిబాట మీదే సాగుతాయి. నేను సమీక్షిస్తున్న సేవలో మాత్రం ఉదయం కాలిబాట మీద కనుమ వరకు ఎక్కి, అక్కడ బాటను వదిలి, రెండు వైపులా లోయల్లోకి వాలిపోయే కొండ వెన్ను మీదుగా శిఖరం చేరుకుని, మరో వాలు గుండా దిగి మళ్ళీ బాటను అందుకుంటారు. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. గుణాలతో పాటు లోపాలను కూడా చెప్పవలసి ఉంది, పైగా ఆ లోపాలు ఇటువంటి నడకను ఎవరు ఏర్పాటు చేసినా ముందుగా అడిగి తెలుసుకోవలసినవే. బాట వదిలిన తరువాత తీసుకోవలసిన నిర్ణయాల విషయంలోనూ, ఆ నిర్ణయాలకు కారణాలను వెంట వచ్చినవారికి విడమరిచి చెప్పే విషయంలోనూ ఈ సేవ ఎంతో మెచ్చుకోదగినది. బయలుదేరే ముందు ఇవ్వవలసిన సమాచారం విషయంలో మాత్రం అది చాలా మెరుగుపడాలి.

ముందుగా ఆ సమాచారం సంగతే చెబుతాను. నమోదు చేసుకున్న తరువాత సంస్థ పంపిన పత్రంలో మొత్తం దూరం 12 కిలోమీటర్లు, ఎక్కవలసిన ఎత్తు 900 మీటర్లు, కష్టం మధ్యస్థం అని ఉంది. ఈ మూడూ అబద్ధాలు కావు, కానీ బాట లేని నేల మీద ఇవి చెప్పేది చాలా తక్కువ. స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఒకటి ఇప్పటికీ వాడుకలో ఉంది. సమతలం మీద గంటకు సుమారు 5 కిలోమీటర్ల చొప్పున సమయాన్ని లెక్కగట్టి, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరొక గంట కలపాలి. ఆ ప్రకారం ఈ నడకకు విరామాలు కాకుండా నాలుగు గంటలు పడుతుంది. అయితే ఆ లెక్క మంచి బాట మీద, మంచి ఆరోగ్యంతో, ఒకే వేగంతో నడిచేవారిది. బండరాళ్ళు ఒకదాని మీద ఒకటి పడి ఉన్న చోట ఒక్క కిలోమీటరు దాటడానికే గంట పట్టవచ్చు. కొండ వెన్ను మీది దూరం మొత్తంలో నాలుగో వంతే అయినా, ఆ రోజు సమయంలో దాదాపు సగం దానికే పోయింది. ఆ భాగాన్ని విడిగా చూపించి, దానికి విడిగా గంటలు చెప్పి ఉంటే, పత్రంలోని సమయం కన్నా రెండు గంటలు ఆలస్యంగా కిందికి చేరినప్పుడు బృందంలో కొందరికి కలిగిన ఆందోళన ఉండేది కాదు.

‘మధ్యస్థం’ అన్న మాట మీద నాకు ఇంకా పెద్ద అభ్యంతరం ఉంది. కొండ నడకలో కష్టం రెండు రకాలు. ఒకటి ఊపిరికి, కాళ్ళకు సంబంధించినది. రెండోది పక్కన లోతు కనిపిస్తున్నప్పుడు అడుగు స్థిరంగా వేయగలగడం. రోజూ పరుగెత్తే మనిషి కూడా అడుగున్నర వెడల్పు ఉన్న రాతి అంచు మీద బిగుసుకుపోవచ్చు, నెమ్మదిగా ఎక్కే పెద్ద వయసు మనిషి అదే అంచును ఏ తడబాటూ లేకుండా దాటిపోవచ్చు. ఈ రెంటినీ కలిపి ఒక్క మాటతో కొలిస్తే, చదివేవారు తమకు ఏది తెలుసో దాన్నే ఊహించుకుంటారు. ఎత్తులంటే భయం ఉందా, చేతులు కూడా ఉపయోగించి రాళ్ళు ఎక్కిన అనుభవం ఉందా అన్న రెండు ప్రశ్నలు నమోదు సమయంలోనే అడగడం సంస్థకు ఏమీ కష్టం కాదు. ఆ ప్రశ్నలు అడగకపోవడం వల్ల మా బృందంలో ఒకరికి ఎదురైన ఇబ్బందిని తరువాత చెబుతాను.

బయలుదేరే చోట జరిగిన తనిఖీ మాత్రం చాలా పద్ధతిగా ఉంది. మాకు గైడుగా వచ్చిన ఆమె తెల్లవారకముందే అందరి సంచులూ తెరిపించి, నీళ్ళు, గాలిని ఆపే పైచొక్కా, టోపీ, తలకు కట్టుకునే టార్చి ఉన్నాయో లేదో తానే చూశారు. వేసవి పగటి నడకకు టార్చి ఎందుకని ఒకరు అడిగితే, చీలమండ బెణికిన మనిషిని నడిపించుకుంటూ దిగడానికి మామూలు సమయానికి మూడింతలు పట్టవచ్చని, ఆ లెక్కన చూస్తే వేసవి పగలు కూడా చాలకపోవచ్చని చెప్పారు. పైచొక్కా విషయంలోనూ అంతే. ఎత్తుకు పోయేకొద్దీ ప్రతి 1,000 మీటర్లకు గాలి సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ చల్లబడుతుంది, కనుమ దాటాక గాలి తోడైతే చెమటతో తడిసిన ఒంటికి ఆ చలి ఇంకా ఎక్కువగా తెలుస్తుంది. అదే 1,000 మీటర్లకు అతినీలలోహిత కిరణాల తీవ్రత సుమారు 10 శాతం పెరుగుతుంది. చల్లని గాలి వీస్తుండగా చర్మం కాలుతున్న సంగతి తెలియదు కనుక, మెడ వెనుక భాగానికీ చెవులకూ కూడా రక్షణ లేపనం రాయించారు.

తెల్లవారుజామున బయలుదేరడానికి ఎండ ఒక్కటే కారణం కాదు. పొద్దెక్కేకొద్దీ కొండ వాలులు వేడెక్కి, వాటిని ఆనుకుని ఉన్న గాలి పైకి లేస్తుంది. అందులో తేమ ఉంటే మధ్యాహ్నానికి ముందే శిఖరాల మీద తెల్లని కుప్ప మేఘాలు పుడతాయి, పరిస్థితి అనుకూలిస్తే మధ్యాహ్నం తరువాత అవే ఉరుముల మేఘాలవుతాయి. వేసవిలో కొండ వెన్ను మీద అన్నిటికన్నా ప్రమాదకరమైన గంటలు అవే. అందుకే మొదటి అడుగు వేయకముందే ఆమె ఒక సమయం ప్రకటించారు: ‘మధ్యాహ్నం పన్నెండు గంటలకు మనం ఎక్కడ ఉంటే అక్కడి నుంచే వెనక్కి దిగుతాం. శిఖరం చేతికందేంత దూరంలో ఉన్నా సరే. ఈ మాట ఇప్పుడే చెబుతున్నాను, ఎందుకంటే పైకి వెళ్ళాక మీరూ నేనూ అందరం ఆశపడతాం.’ ఇంత స్పష్టంగా, ఇంత ముందుగా ఈ మాట చెప్పే గైడు దొరికితే ఆ సేవలో సగం నాణ్యత అక్కడే ఉన్నట్టు లెక్క.

కనుమ వరకు ఉన్న కాలిబాట గురించి రాయవలసింది పెద్దగా లేదు. మాట్లాడుతూ నడవగలిగే వేగాన్ని మించకుండా నడిపించారు, ఒంపుల్లో అడ్డదారులు తొక్కనివ్వలేదు. బాట కింద చివరి వాగు దగ్గర మాత్రం ఎక్కువ సేపు ఆపారు. కొండ వెన్ను మీద వాగులుండవు, పడిన నీరంతా రెండు పక్కలకూ జారిపోతుంది కనుక అక్కడి నుంచి దిగేదాకా కావలసిన నీళ్ళన్నీ మోసుకునే వెళ్ళాలి. సంస్థ పత్రంలో రెండు లీటర్లు చాలన్నారు. ఎండలో నడిచేటప్పుడు గంటకు అర లీటరు తాగాలన్న సాధారణ సూచనను బట్టి చూసినా అది చాలదు. గైడు తన సంచిలో ఉన్న వడపోత పరికరంతో వాగు నీటిని శుభ్రం చేసి, ఖాళీ అయిన సీసాలన్నీ నింపించారు. ఆ సమయానికి చేసిన మంచి పని అది. కానీ ఆమె జాగ్రత్త వల్ల సరిపోయిన లోటు పత్రంలో ఇంకా లోటుగానే ఉంది.

కనుమ దగ్గర బాట వదలడానికి ముందు ఆమె పటం పరిచి అందరినీ చుట్టూ కూర్చోబెట్టారు. ఈ సేవ విలువ నాకు నిజంగా తెలిసింది అక్కడే. ఒకే ఎత్తున్న చోట్లను కలుపుతూ పటంలో గీసే కాంటూరు రేఖలు దిగువ వైపుకు ముక్కులా పొడుచుకువస్తే అది కొండ వెన్ను, ఎగువ వైపుకు పొడుచుకువస్తే అది లోయ అని చాలామందికి తెలుసు. ఆమె అక్కడితో ఆగకుండా, మా చేతిలోని పటంలో రేఖకూ రేఖకూ మధ్య ఎత్తు తేడా 20 మీటర్లని చూపించి, 15 మీటర్ల నిట్రమైన రాతి గోడ ఒకటి రెండు రేఖల మధ్య పూర్తిగా దాగిపోవచ్చని చెప్పారు. పటం మీద నున్నగా కనిపించే చోట కూడా కళ్ళతో చూసి నిర్ణయించుకోవలసిన అవసరం ఎందుకో ఈ ఒక్క ఉదాహరణ చక్కగా తెలియజేసింది. ఆ తరువాత కొండ వెన్నుకు ఎడమ వైపు ఎక్కడెక్కడ నడిచి దిగిపోవడానికి వీలైన గడ్డి వాలులున్నాయో, కుడి వైపు ఎందుకు ఎక్కడా దిగకూడదో పటం మీద వేలు పెట్టి చూపించి, మాలో ఒకరి చేత తిరిగి చెప్పించారు. తనకు ఏదైనా జరిగితే మిగిలినవారికి దారి తెలిసి ఉండాలన్నది ఆమె ఉద్దేశం. గైడు వెనుక తల వంచుకుని నడిచే అలవాటు ఉన్నవారికి ఇది కొత్తగా అనిపిస్తుంది, కానీ బాట లేని చోట అందరూ దారి తెలిసి నడవడమే భద్రత.

ఇంకొక సంగతి ఆమె చెప్పేదాకా నేను ఆలోచించనే లేదు. ఎక్కేటప్పుడు కొండ వెన్నులన్నీ శిఖరం వైపుకు వచ్చి కలుస్తాయి, కాబట్టి పైకి పోతూ ఉన్నంతసేపు దారి తప్పడం కష్టం. దిగేటప్పుడు అవే విడివిడిగా చీలిపోతాయి, పొగమంచులో ఒక్క చీలిక దగ్గర పక్కకు తిరిగితే వేరే లోయలో తేలతాం. అందువల్ల ప్రతి చీలిక దగ్గరా ఆపి, వెనక్కి తిరిగి చూడమని, దిగేటప్పుడు ఆ చోటు ఎలా కనిపిస్తుందో గుర్తుపెట్టుకోమని చెప్పారు. మేము వేరే వాలు గుండా దిగాలని ముందే అనుకున్నప్పటికీ ఈ పని మానలేదు, ఎందుకంటే వెనక్కి రావలసి వస్తే ఆ దారే గతి.

మేము ఎక్కడున్నామో తెలుసుకోవడానికి ఆమె వాడిన పద్ధతి కూడా చెప్పుకోదగినది. ఫోనులో ముందే దింపుకున్న పటం ఆమె దగ్గర ఉంది, కానీ దాన్ని తరచుగా తీయలేదు. చేతికి కట్టుకున్న ఆల్టీమీటరు, అంటే ఎత్తును చూపించే పరికరం, చూసేవారు. మైదానంలో ఎత్తు తెలిసినంత మాత్రాన మనం ఉన్న చోటు తెలియదు. కొండ వెన్ను మీద అలా కాదు, మనం ఒక గీత మీద నడుస్తున్నట్టే కనుక, ఎత్తు ఎంతో తెలిస్తే ఆ గీత ఆ ఎత్తును దాటే చోటే మనం ఉన్న చోటు. అయితే ఆల్టీమీటరు నిజానికి కొలిచేది గాలి ఒత్తిడిని. వాతావరణం మారి ఒత్తిడి ఒక్క హెక్టోపాస్కల్ తగ్గినా, కదలకుండా కూర్చున్న మనిషి ఎత్తు 8 నుంచి 10 మీటర్లు పెరిగినట్టు అది చూపిస్తుంది. అందుకే కనుమ దగ్గర, పటంలో ఎత్తు రాసి ఉన్న ప్రతి గుట్ట దగ్గర ఆమె దాన్ని సరిచేశారు. విరామం తీసుకుని లేచేటప్పటికి అంకె పెరిగి ఉంటే వాతావరణం చెడుతోందనడానికి అదొక సూచన అని కూడా వివరించారు. ఇటువంటి జ్ఞానం ఒక్క రోజు నడకలో భాగంగా, చేసి చూపిస్తూ అందడం ఎంతో విలువైనది.

నేల మారిన ప్రతిసారీ నడక తీరు మార్పించారు. గడ్డి, చిన్న చిన్న కొండ మొక్కలు ఉన్న చోట ఒకరి వెనుక ఒకరుగా కాక పక్కపక్కలకు విడిపోయి నడవమన్నారు. ఒకే గీతలో పదిమంది నడిస్తే ఒక్క వేసవిలోనే అక్కడ కొత్త బాట పడుతుంది, వాన నీరు ఆ గాడిలో పారి మట్టిని కోసుకుపోతుంది. ఎత్తయిన చోట నేలకు అతుక్కుని గుత్తులుగా పెరిగే మొక్కలు చాలా నెమ్మదిగా ఎదుగుతాయి, అరచేయంత గుత్తి వెనుక ఎన్నో సంవత్సరాలు ఉండవచ్చు. రాయి కనిపించినంత మేరా రాతి మీదే అడుగు వేయమని, ఇప్పటికే అరిగిన జాడ ఉన్న చోట మాత్రం అందరూ దాని మీదే నడవమని ఆమె చెప్పిన నియమం నాకు ఎంతో నచ్చింది. బాట వదిలే హక్కు తీసుకున్నవారికి ఈ బాధ్యత తప్పదు. దీన్ని ఇంత పట్టుదలగా పాటించే సేవకు నేను మనస్ఫూర్తిగా మద్దతు ఇస్తాను.

బండరాళ్ళ మేట దగ్గర చేతికర్రలు మడిచి సంచుల్లో పెట్టించారు. ఎక్కేటప్పుడు కర్రను పొట్టి చేసుకుని, దిగేటప్పుడు పొడుగు చేసుకుని వాడటం మంచిదే కానీ, చేతులతో పట్టుకోవలసిన చోట అవి అడ్డమే అవుతాయి, రాళ్ళ సందులో ఇరుక్కుని మణికట్టును లాగుతాయి. ఎంత పెద్ద బండైనా కదలదని నమ్మకుండా, ముందు కొద్ది బరువు వేసి చూసి, ఆ తరువాతే పూర్తి బరువు వేయాలని, పొరలా అతుక్కుని పెరిగే లైకెన్లు పట్టిన రాయి పొడిగా ఉన్నప్పుడు బాగానే పట్టిచ్చినా తడిస్తే సబ్బులా జారుతుందని చెప్పారు. నిట్రమైన చోట రెండు చేతులు, రెండు కాళ్ళలో ఏ సమయంలోనైనా మూడు రాతిని పట్టుకునే ఉండాలి, ఒక్కటే కదలాలి. వదులు రాళ్ళున్న ఇరుకైన చీలికలో ఒకరి కింద ఒకరు ఉండకుండా, ఒక్కొక్కరినే పక్కన ఉన్న రాతి మాటుకు పంపించారు. రాయి కదిలితే, అది ఎంత చిన్నదైనా, కింద ఎవరూ లేరనిపించినా, ‘రాయి!’ అని గట్టిగా అరవాలి. ఆ అరుపు వినిపించినప్పుడు పైకి చూడకూడదు, తల దించి గోడకు అతుక్కోవాలి. ఈ చివరి సూచన చాలా చోట్ల ఎవరూ చెప్పరు.

కొండ వెన్ను బాగా సన్నబడిన చోట నేను ముందు ప్రస్తావించిన ఇబ్బంది ఎదురైంది. బృందంలో ఒకరు అక్కడ ఆగిపోయారు, మోకాళ్ళు వణకడం అందరికీ కనిపించింది. గైడు ఒక్క క్షణం కూడా బలవంతపెట్టలేదు, ‘ఏమీ కాదు, నడిచేయండి’ లాంటి మాటలు అనలేదు. ఎడమ వాలు మీద కొంత కిందుగా పోయే దారి ఉందని, అది పది పదిహేను నిమిషాలు ఎక్కువ తీసుకుంటుందని, బృందమంతా ఆ దారినే వెళుతుందని ప్రకటించారు. తరువాత తాను లోయ వైపున నడుస్తూ, ఆ వ్యక్తి అడుగులు ఎక్కడ వేయాలో ఒక్కొక్కటీ చూపిస్తూ దాటించారు. ఆమె చేసినదంతా సరైనదే. కానీ ఆ సమయంలో మిగిలిన ఐదుగురం ఆమె చూపుకు అందకుండా, మాకు మేముగా ఆ వాలును దాటవలసి వచ్చింది. ఆరుగురికి ఒకే గైడు అన్న లెక్క కాలిబాట మీద సరిపోవచ్చు. తాడు తీయవలసి రాగల కొండ వెన్ను మీద అది ఎక్కువ, నలుగురిని మించకూడదని నా గట్టి అభిప్రాయం. ఈ సేవలో నేను చూసిన అతి పెద్ద లోపం ఇదే. గైడు ఎంత నేర్పరి అయినా ఒకే సమయంలో రెండు చోట్ల ఉండలేరు.

శిఖరం మీదికి చెప్పిన సమయానికి ముందే చేరాము. పత్రంలో అక్కడి నుంచి ఇంకొక శిఖరానికి కూడా తీసుకువెళతామని రాసి ఉంది. అప్పటికి ఎదురుగా ఉన్న కొండల మీద మేఘాలు అడ్డంగా విస్తరించడం మాని నిలువుగా పెరగడం మొదలైంది, వాటి పై అంచులు పదునుగా, కాలీఫ్లవరు గుత్తుల్లా గట్టిపడ్డాయి. ఆమె ఆ మేఘాలను మాకు చూపించి, రెండో శిఖరాన్ని వదిలేస్తున్నట్టు చెప్పారు. ఇద్దరు నిరాశపడ్డారు, డబ్బు కట్టింది రెంటికీ కదా అని ఒకరన్నారు. ఆ నిర్ణయంలో గైడు తప్పు ఏమీ లేదు. తప్పు పత్రానిది. వాతావరణం అనుమతిస్తేనే రెండోది అని అక్కడ స్పష్టంగా రాయాలి. రాయకపోతే కొండ మీద సరైన నిర్ణయం తీసుకున్న గైడు కింద మాట తప్పిన మనిషిగా కనిపిస్తారు. అది ఆమెకు అన్యాయం. తక్కువ ధైర్యం ఉన్న మరొక గైడునైతే అదే మాట తప్పు నిర్ణయం వైపు నెట్టగలదు కూడా.

పిడుగుల విషయంలో ఆమె ఇచ్చిన సూచనలు సూటిగా ఉన్నాయి. మెరుపుకూ ఉరుముకూ మధ్య మూడు సెకన్లు గడిస్తే పిడుగు సుమారు ఒక కిలోమీటరు దూరంలో పడినట్టు. ఆ వ్యవధి 30 సెకన్లకు తగ్గిందంటే ప్రమాదం దగ్గరికి వచ్చినట్టే, చివరి ఉరుము తరువాత 30 నిమిషాలు గడిచేదాకా పోయినట్టు కాదు. అయితే కొండ వెన్ను మీద ఉన్నవారు ఆ లెక్క కోసం ఎదురుచూడకూడదు, ఎందుకంటే అక్కడ తలదాచుకునే చోటు లేదు. మొదటి ఉరుము వినిపించకముందే ఎత్తు తగ్గించుకోవాలి. ఒంటరి చెట్టు కిందా, లోతు లేని రాతి గుహ నోట్లోనూ నిలబడటం బయట ఉండటం కన్నా మంచిదేమీ కాదు. మేము గడ్డి వాలుకు దిగాక అవతలి లోయలో ఉరుములు వినిపించాయి. అప్పటికి రెండో శిఖరం గురించి ఎవరూ మాట్లాడలేదు.

దిగుడు గురించి సంస్థ పత్రంలో ఒక్క వాక్యం కూడా లేదు, నాకు ఇది అర్థం కాలేదు. ఈ నడకలో ఒంటికి ఎక్కువ శ్రమ అక్కడే. ఎక్కేటప్పుడు తొడ కండరాలు కుదించుకుంటూ పనిచేస్తాయి. దిగేటప్పుడు సాగుతూ బరువును ఆపుతాయి, ఆ పనే కండరాన్ని ఎక్కువగా దెబ్బతీస్తుంది, నొప్పి ఒకటి రెండు రోజుల తరువాత బాగా తెలుస్తుంది. బూట్లలో బొటనవేలు ముందుకు గుద్దుకోకుండా లేసులను పాదం పైభాగంలో బిగించి కట్టుకోవాలని దిగుడు మొదలుపెట్టే ముందు గైడు గుర్తుచేశారు, కానీ గోళ్ళు కత్తిరించుకుని రమ్మని, అరిగిన అడుగులున్న బూట్లు వద్దని ముందే చెప్పడం సంస్థ పని. బృందంలో ఒకరి బూటు అడుగు నున్నగా అరిగి ఉండటం వల్ల, సుమారు 35 డిగ్రీల వాలు ఉన్న గులకరాళ్ళ జారుడు మీద అందరి వేగమూ సగానికి పడిపోయింది. అటువంటి వాలు మీద మడమను లోపలికి దిగేసి, శరీరాన్ని వెనక్కి వాల్చకుండా, చిన్న అడుగులతో దిగాలి. రాళ్ళు కాలితో పాటు కొద్దిగా జారనివ్వాలి. ఈ పద్ధతిని ఆమె పై నుంచి చెప్పి ఊరుకోక, ముందు తాను నాలుగు అడుగులు వేసి చూపించి, ఒక్కొక్కరి చేత చేయించారు.

అత్యవసర ఏర్పాట్ల విషయంలో సంస్థకు పూర్తి మార్కులు ఇవ్వవచ్చు. ఫోను పనిచేయని చోట 406 మెగాహెర్ట్జ్ మీద ఉపగ్రహాలకు సందేశం పంపే చిన్న పరికరం గైడు దగ్గర ఉంది. అది ఏ అరలో ఉందో, ఎలా తెరవాలో, ఏ మీట నొక్కాలో ఉదయమే అందరికీ చూపించారు. ఈల మన దగ్గర ఉంటే సరిపోదు, ఎలా ఊదాలో కూడా తెలియాలి. నిమిషంలో ఆరు సార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఆరు సార్లు ఊదితే కొండల్లో అది ఆపద సంకేతం. విన్నవారు నిమిషానికి మూడు సార్లు ఊది జవాబివ్వాలి. టార్చి వెలుగుతోనూ ఇదే లెక్క. ప్రథమ చికిత్స పెట్టె చిన్నదే అయినా, బెణుకుకు కట్టు, బొబ్బలకు పట్టీలు, వెచ్చగా కప్పే పలుచని రేకు దుప్పటి అందులో ఉన్నాయి.

నడక ముగిసిన మరునాడు మేము నడిచిన దారిని గీసిన పటం, ప్రతి భాగానికి నిజంగా పట్టిన సమయాలతో సహా, అందరికీ పంపించారు. తమ వేగం ఎంతో తెలుసుకుని తరువాతి నడకను అంచనా వేసుకోవాలనుకునేవారికి ఇది చాలా ఉపయోగపడుతుంది. ఎటొచ్చీ, కొత్తగా చేరేవారికి పంపే పత్రంలో కూడా ఈ సమయాలనే వేస్తే నేను పైన చెప్పిన మొదటి లోపం దానంతట అదే తొలగిపోతుంది.

గుర్తులున్న బాటల మీద ఆరేడు గంటలు నడవగలిగి, బాట లేని నేలను చదవడం నేర్చుకోవాలన్న కోరిక ఉన్నవారికి ఈ సేవను గట్టిగా సిఫారసు చేస్తాను. కేవలం శిఖరం మీద నిలబడాలన్న కోరికతో వచ్చేవారికి ఆ కోరిక తీరవచ్చు, తీరకపోవచ్చు. మధ్యలో ఆగి పటం చూపించే ఆ నిమిషాలు వారికి విసుగు తెప్పించినా తెప్పించవచ్చు. పిల్లలతో కలిసి వెళ్ళడానికి ఇది తగినది కాదు. మోకాళ్ళ నొప్పులున్నవారు ఎక్కుడు కన్నా దిగుడును చూసి నిర్ణయించుకోవాలి.

నా అభ్యంతరాలన్నీ రాసి సంస్థకు పంపించాను. నీటి పరిమాణాన్ని పెంచుతామని, రెండో శిఖరం గురించిన వాక్యాన్ని మారుస్తామని, దిగుడు గురించి ఒక భాగం చేరుస్తామని జవాబు వచ్చింది. ఒక గైడుకు ఎంతమంది అన్న ప్రశ్నకు మాత్రం ఇంకా ఆలోచిస్తున్నామని రాశారు. అది తేలేదాకా, ఎత్తులంటే కొద్దిగానైనా బెరుకు ఉన్నవారు నమోదుకు ముందే బృందంలో ఎంతమంది ఉంటారో అడగండి. నలుగురికి మించి ఉంటే మరొక గైడును పంపమనండి, కుదరదంటే తక్కువమంది ఉన్న మరొక తేదీని ఎంచుకోండి.